మట్ట తుపాకులు, తడిక ఫిరంగులు

శ్రోతలకు నమస్కారం.

వెదురు తడికను గుండ్రంగా చుట్టి నల్లరంగు పూస్తే, దూరం నుంచి చూసేవాడికి అది ఫిరంగి. తాటిజాతి చెట్టు మట్టను చెక్కి భుజాన పెట్టుకుంటే అది తుపాకీ. మట్ట తుపాకులు, తడిక ఫిరంగులు, వీటితో స్పెయిన్ దొరతనాన్ని ఒక ఊరి నుంచి సాగనంపారు. అది 1898 నవంబరు 5, శనివారం. ఫిలిప్పీన్స్‌లో నీగ్రోస్ అనే ద్వీపం ఉంది. దాని పడమటి భాగం నీగ్రోస్ ఆక్సిడెంటల్ ప్రావిన్సు, ముఖ్యపట్టణం బకోలోద్. ఈ పని చేయించింది అక్కడి చెరకు దొరలు. వాళ్ళ భూమిని హసియెండా అంటారు, వాళ్ళను హసెందేరోలు అంటారు.

ముందు ఈ దొరలు ఎక్కడివాళ్ళో నాలుగు మాటల్లో చెబుతాను. పక్కన పనాయ్ ద్వీపంలో ఇలోయిలో రేవు ఉంది. అది ఒకప్పుడు నేతగాళ్ళ ఊరు. అనాస ఆకు నారతో కూడా బట్ట నేసేవాళ్ళు. 1855లో ఆ రేవును విదేశీ వర్తకానికి తెరిచారు. మరుసటి ఏడు నికొలస్ లోనీ అనే ఇంగ్లీషు వర్తకుడు వైస్ కాన్సల్‌గా దిగాడు. అతని వెనకే మిల్లు బట్ట చవకగా దిగింది, మగ్గాలు మూలపడ్డాయి. మచిలీపట్నం వైపు వాళ్ళకు ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే బట్ట తెచ్చిన ఓడ తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోతే నష్టం. దానికి సరుకు కావాలి. ఆ సరుకే పంచదార. లోనీ ఇనుప గానుగలు అప్పు మీద ఇప్పించాడు. పంట అమ్మాక తీర్చమన్నాడు. నేత వ్యాపారంలో డబ్బు చూసిన కుటుంబాలు సముద్రపాయ దాటి నీగ్రోస్‌లో అడవి నరికించి చెరకు వేశాయి. వాటిలో చాలా ఇళ్ళు చైనా మూలం కలిసినవి. లాక్సోన్, లోక్సీన్ లాంటి ఇంటిపేర్లు చైనా మాటల నుంచి వచ్చినవే. లోనీ కంటే ముందే వచ్చి చెరకు వేసిన ఒక ఫ్రెంచివాడూ ఉన్నాడు, ఈవ్ లెయొపోల్ జెర్మేన్ గాస్తోన్. అతని కొడుకు కట్టించిన ఇల్లు సిలాయ్ ఊళ్ళో ఇప్పుడు మ్యూజియం.

వాళ్ళు చేసింది తెల్ల పంచదార అనుకోకండి. మస్కొవాదో, అంటే మన బెల్లానికి దగ్గరి చుట్టం. మన అనకాపల్లి బెల్లం వండేవాళ్ళు చూస్తే ప్రతి మెట్టూ గుర్తుపడతారు. మూడు ఇనుప రోలర్ల మధ్య చెరకు నలిపేవాళ్ళు. గానుగ తిప్పేది దున్నపోతులు, డబ్బున్న చోట ఆవిరి యంత్రం. రసాన్ని ఒకే పొడుగాటి పొయ్యి మీద వరసగా పెట్టిన పెనాల్లో పోసేవాళ్ళు. సున్నం కొద్దిగా వేసి, పైకి తేలిన తెట్టు తీసేవాళ్ళు. చిక్కబడేకొద్దీ ఒక పెనంలోంచి పక్క పెనంలోకి తోడేవాళ్ళు. ఆఖరి పెనంలో పాకం వచ్చాక చెక్క తొట్టిలోకి వంచి, గింజ కట్టేదాకా తెడ్లతో కలియబెట్టడం. ఆపైన మూటలు కట్టి ఇలోయిలో పడవకు ఎక్కించడం. తూకం పికుల్ లెక్క. ఒక పికుల్ అంటే 63 కిలోల పైచిలుకు.

ఎక్కడ చెడుతుంది? సున్నం తక్కువైతే పులుపు విరగదు, గింజ కట్టదు. ఎక్కువైతే సరుకు నల్లబడుతుంది. వాన పడి పిప్పి తడిస్తే పొయ్యి మండదు, ఎందుకంటే వంటచెరకు ఆ పిప్పే. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. కోసిన చెరకు ఆగదు. కోసిన చెరకు ఆగదు, ఇది గుర్తుంచుకోండి. ఒకటి రెండు రోజులు దాటితే లోపలి చక్కెర విరిగిపోతుంది. రసం తియ్యగానే ఉంటుంది కానీ ఎంత కాచినా గింజ పడదు, జిగట మిగులుతుంది. అందుకే పొలం పక్కనే గానుగ, గానుగ పక్కనే దొర ఇల్లు.

ఇప్పుడు ఆ శనివారానికి వద్దాం.

1898 నాటికి స్పెయిన్ పని అయిపోయింది. జూన్ 12న ఫిలిప్పీన్స్ విప్లవ నాయకుడు అగినాల్దో స్వాతంత్ర్యం ప్రకటించాడు. ఆగస్టులో మనీలా అమెరికన్ల చేతికి పోయింది. మిగిలిన స్పానిష్ సైన్యం ఇలోయిలోలో పోగైంది. బకోలోద్‌లో ఉన్నది చిన్న దండు, దానికి సాయం వచ్చే దారి లేదు. అప్పటిదాకా స్పెయిన్‌తో సర్దుకుపోయిన హసెందేరోలు లెక్క మార్చుకున్నారు. ఉత్తరం నుంచి అనిసేతో లాక్సోన్, దక్షిణాన బాగో వైపు నుంచి హువాన్ అరనేతా ఒకే రోజు లేవాలని కబురు చేసుకున్నారు.

మనుషులున్నారు, తోటల్లో పనిచేసే వందలాది కూలీలు. చెరకు నరికే కత్తులున్నాయి. తుపాకులే లేవు. అందుకే మట్టలు చెక్కారు, తడికలు చుట్టారు.

సిలాయ్‌లో జరిగింది నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. అక్కడి స్పానిష్ అధికారి వెంట ఇరవైమంది కూడా లేరు. లొంగిపోవడానికి ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. పోరాటం జరిగిందనీ, ఇరువైపులా చనిపోయినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ ఉన్నారనీ కాగితం మీద రాయాలన్నాడు. పాపం, రేపు పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాలిగా. సరే రాస్తాం పొమ్మన్నారు. ఇటు నుంచి దొంగ తుపాకులు, అటు నుంచి దొంగ యుద్ధం!

తరవాత రెండు దళాలూ బకోలోద్‌కు రెండు పక్కలా చేరాయి. ఊళ్ళోంచి చూసేవాళ్ళకు భుజాల మీద పొడుగాటి నల్లటి గీతలు, మధ్యమధ్య ఫిరంగి గొట్టాలు కనబడుతున్నాయి. దగ్గరికి వచ్చి చూస్తే గుట్టు రట్టయ్యేది. ఎవరూ రాలేదు. స్పానిష్ గవర్నరు ఇసిద్రో దె కాస్త్రో మధ్యవర్తులతో మాట్లాడి, మర్నాడు నవంబరు 6న సంతకం పెట్టాడు. చెప్పుకోదగ్గ యుద్ధమే జరగలేదు. నీగ్రోస్‌లో కొత్త రిపబ్లిక్ పుట్టింది. లాక్సోన్ దానికి అధ్యక్షుడయ్యాడు, అరనేతా యుద్ధమంత్రి అయ్యాడు.

ఈ ముచ్చట ఇక్కడితో ఆపితే బాగుంటుంది, కానీ అది సగమే. కొద్ది రోజుల్లోనే ఆ కొత్త ప్రభుత్వం అమెరికా రక్షణ అడిగింది. 1899లో అమెరికన్ సైన్యం దిగింది, 1901లో ఆ రిపబ్లిక్ ముగిసింది. నా మటుకు ఇది పిరికితనం కంటే మిల్లు లెక్కలా కనిపిస్తుంది. పొలంలో చెరకు నిలబడి ఉంది, కోస్తే ఆగదు, కొనేవాడు కావాలి. అయితే ఆ కొండల్లోనే పాపా ఇసియో అనేవాడు ఉన్నాడు. అతని వెంట ఉన్నది తోట కూలీలు. హసియెండాలు విడగొట్టాలి, చెరకు బదులు వరి వేయాలి అన్నాడు. దొరలు ఎన్నడో సర్దుకున్నా, అతను 1907 దాకా పోరాడి, మనీలా జైల్లో 1911లో చనిపోయాడు. సిలాయ్‌లో స్మారకం నవంబరు 5కు ఉంది.

తరవాత కాలాన్ని గబగబా దాటేస్తాను. 1910ల నుంచి పెద్ద మిల్లులు వచ్చాయి, దొరల గానుగలు మూతపడ్డాయి. పంచదార దొరకు కొంత, మిల్లుకు కొంత అనే పంపకం మొదలైంది. 1974లో అమెరికా ఇంత పంచదార కొంటానన్న కోటా ఒప్పందం ముగిసింది. 80లలో ధర పడిపోయి తోటలు బీడు పడితే కూలీల పిల్లలు ఆకలికి చనిపోయారు. కోతలు లేని నెలలను అక్కడ తియెంపో మువెర్తో అంటారు, చచ్చిన కాలం అని. మాట ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు.

మిగిలిన నిమిషాల్లో ఒకే ఒక్క పనికొచ్చే విషయం. ఈ కుటుంబాల చరిత్ర చదవాలంటే పుస్తకం అక్కర్లేదు, పేరు చదవడం వస్తే చాలు. అధ్యక్షుడైన అనిసేతో పూర్తి పేరు అనిసేతో లెదెస్మా లాక్సోన్. తలీసాయ్‌లో పెద్ద మేడ కట్టించిన అతని తమ్ముడు మరియానో లెదెస్మా లాక్సోన్. చివరిది తండ్రి ఇంటిపేరు. మధ్యది తల్లి పుట్టింటి ఇంటిపేరు. రెండు ఇళ్ళ వియ్యం ఒక్క పేరులో ఉంది.

ఎందుకంత పట్టింపు? స్పానిష్ చట్టంలో ఆస్తి కొడుకులకూ కూతుళ్ళకూ సమానం. మరియానో భూమి 440 హెక్టార్లు, పిల్లలు పదిమంది. పంచితే తలకు 44. వాళ్ళకూ పదేసి మంది పుడితే నాలుగున్నర కూడా రాదు, దానికి సొంత గానుగ దండగ. అందుకని తెలిసిన ఇళ్ళలోనే, దగ్గరి చుట్టాల్లోనే పెళ్ళిళ్ళు. మేనరికాల వెనక మన వాళ్ళు చెప్పే కారణం ఏమిటో మీకు తెలుసు. అక్కడ మాత్రం దగ్గరి చుట్టరికానికి చర్చి అనుమతి కావాలి.

ఇక్కడొక తిరకాసు ఉంది. పెళ్ళయిన ఆడవాళ్ళ పేరులో మధ్యది తల్లిది కాదు, ఆమె సొంత పుట్టింటి ఇంటిపేరు. మరియానో భార్య మకావు నుంచి వచ్చిన పోర్చుగీసు వనిత మరియా బ్రాగా. ఆమెను మరియా బ్రాగా లాక్సోన్ అని రాస్తే, బ్రాగా ఆమె నాన్న ఇంటిపేరు. ఆమె పోయాక ఆమె గుర్తుగా కట్టిందే ఆ మేడ. స్తంభాల మీద రెండు పేర్ల మొదటి అక్షరాలు ఎదురెదురుగా ఉంటాయి. జపాన్ సైన్యానికి పనికిరాకూడదని రెండో ప్రపంచయుద్ధంలో అక్కడి గెరిల్లాలే దాన్ని తగలబెట్టారు. కర్ర అంతా పోయి కాంక్రీటు మిగిలింది.

ఇప్పుడు మన పిల్లలు చాలామంది డాక్టరు చదువుకు ఫిలిప్పీన్స్ వెళ్తున్నారు. అక్కడి దరఖాస్తులో మధ్య పేరు అన్న గడి కనబడితే, వాళ్ళు అడుగుతున్నది అమ్మ పుట్టింటి ఇంటిపేరు. వెంకట సాయి అన్న పేరులో సాయిని అక్కడ రాశామంటే, కౌంటరులో ఉన్నవాళ్ళు దాన్ని మీ అమ్మగారి ఇంటిపేరుగానే చదువుతారు. అందుకని గడి నింపే ముందు పాస్‌పోర్టు చూపించి, ఎక్కడ ఏది రాయాలో అడిగి రాయమనండి.

నమస్కారం.