మందను విడిచిన పొట్టేలు

శ్రోతలకు నమస్కారం.

మనిషి పెంచిన జంతువు ఒకరోజు అడివిదారి పడితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు మనలో చాలామంది దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఏముంది, హాయిగా బతుకుతుంది. దాని చోటికి అది పోయింది" అంటాం. ఆ మాట అన్నాక మనకూ హాయిగా ఉంటుంది. ఆ హాయి సంగతే ఇవాళ మాట్లాడదామని వచ్చాను. దానికి ఒక పొట్టేలు కథ చెప్పాలి. కల్పన కాదు, జరిగిన కథ.

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో సెంట్రల్ ఒటాగో అని కొండల ప్రాంతం ఉంది. అక్కడ టారాస్ అనే ఊరి దగ్గర బెండిగో అనే పెద్ద గొర్రెల క్షేత్రం. పెంచేది మెరీనో గొర్రెల్ని, సన్నటి మెత్తటి ఉన్నికి పేరుపడ్డ జాతి. ఏటా కాపరులూ కుక్కలూ కలిసి కొండల మీద మేసే మందను కిందికి తోలుకొస్తారు. ఉన్ని కత్తిరిస్తారు. మళ్ళీ మేతకు వదిలేస్తారు. ఒక ఏడాది ఆ మందలో ఒక పొట్టేలు దిగిరాలేదు. మరుసటి ఏడాదీ దిగిరాలేదు. ఆపైనా రాలేదు. మొత్తం ఆరేళ్ళు దిగిరాలేదు.

ఆ కొండల్లో గుహలున్నాయి. మనుషులు వచ్చినప్పుడల్లా వాటిలో దాక్కుని తప్పించుకుందట. గొర్రెదాటు తప్ప మరో నడక ఎరగదని మనం అనుకునే జంతువు, మంద లేకుండా, కాపరి లేకుండా, ఆరు చలికాలాలు ఒంటరిగా గడిపింది. నాకు ఈ పొట్టేలంటే చెప్పలేనంత ఇష్టం. ఎందుకు పోయిందో, ఏం ఆలోచించిందో మనం చెప్పలేం. కానీ ఒకసారి తప్పించుకోవడం పొరపాటున జరగొచ్చు. ఆరేళ్ళు తప్పించుకోవడం పొరపాటు కాదు.

2004 ఏప్రిల్‌లో దొరికింది. దొరికినప్పుడు చూసినవాళ్ళకు అది గొర్రె అని పోల్చుకోవడమే కష్టమైంది. ష్రెక్ అని పేరు పెట్టారు. ఉన్ని కత్తిరించడాన్ని ఆ నెలాఖరున టెలివిజన్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. తీసిన ఉన్ని 27 కిలోలు తూగింది! మామూలు మెరీనో గొర్రె నుంచి ఏడాదికి వచ్చేది దాదాపు నాలుగున్నర కిలోలు. ఆ ఒక్కదాని ఉన్నితో మగవాళ్ళ సూట్లు ఇరవై కుట్టొచ్చని లెక్క కట్టారు. తర్వాత దాన్ని పార్లమెంటుకు తీసుకెళ్ళారు, అప్పటి ప్రధానమంత్రి హెలెన్ క్లార్క్ చూశారు. పిల్లల వైద్యానికి దాని పేరు మీద విరాళాలు పోగుచేశారు, మంచి పని. 2006లో డ్యునెడిన్ తీరానికి దూరంగా సముద్రంలో తేలుతున్న మంచుదిబ్బ మీదికి తీసుకెళ్ళి అక్కడ మరోసారి ఉన్ని కత్తిరించారు. అది మాత్రం నాకు నచ్చలేదు. మనుషుల కంట పడకుండా అన్నేళ్ళు దాక్కున్న ప్రాణికి అంత ఊరేగింపు అక్కరలేదనిపిస్తుంది. 2011 జూన్‌లో, పదహారేళ్ళ వయసులో పోయింది. గొర్రెకు అది చాలా పెద్ద వయసు.

ఇక ఆ 27 కిలోల దగ్గరికి వద్దాం. ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి రాత్రీ పగలూ దించకుండా వీపున మోస్తే ఎంత బరువో, అంత బరువు మోస్తూ ఆ పొట్టేలు కొండలెక్కింది. ఎందుకు మోసింది? దించుకోవడం దాని చేతిలో లేదు గనక.

అడివి గొర్రెలకు ఈ బాధ లేదు. మౌఫ్లాన్ అనే అడివి గొర్రెకు పైన ముతక వెంట్రుకలు, లోపల కాస్త ఉన్ని. చలి పోగానే ఆ ఉన్ని దానంతటదే రాలిపోతుంది. మనిషి గొర్రెను మచ్చిక చేసుకుని పదివేల ఏళ్ళు దాటింది. ఆ తర్వాత తరాల తరబడి ఉన్ని ఎక్కువ వచ్చేవాటిని, రాల్చనివాటిని ఏరి ఏరి పెంచుతూ వచ్చాడు. రాలిపోతే మనకేం మిగులుతుంది మరి! ఉన్ని రాని గొర్రెజాతులు ఇప్పటికీ ఉన్నాయి, వాటి సంగతి వేరు. మెరీనోకు మాత్రం ఉన్ని పెరగడమే తెలుసు, ఆగడం తెలియదు. కత్తిరించకపోతే కళ్ళ మీదికి పెరిగి చూపు మూసేస్తుంది. వేడి లోపలే ఉండిపోతుంది. తడిసి మురికిపట్టిన చోట ఈగలు గుడ్లు పెడితే పురుగులు పడి ఒళ్ళు తినేస్తాయి. ఆ బరువుతో వెల్లకిలా పడితే లేవలేదు, కడుపుబ్బి అక్కడే ప్రాణం పోతుంది.

అందుకే అంటున్నాను: పొట్టేలు తప్పించుకుంది, ఉన్ని తప్పించుకోనివ్వలేదు. కాళ్ళు కొండ వైపు నడిచాయి. ఒళ్ళు మాత్రం మనిషి చేతి కత్తెర కోసమే తయారై ఉంది.

ష్రెక్ ఒక్కటే కాదు. 2015లో ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర క్రిస్ అనే పొట్టేలు దొరికితే 41 కిలోల ఉన్ని తీశారు. 2021లో ఆ దేశంలోనే విక్టోరియా అడవుల్లో దొరికినదానికి 35 కిలోలకు పైగా. దాని ముఖమంతా ఉన్ని కమ్మి కళ్ళు సరిగా కనిపించడం లేదు. అంత ఉన్ని తీసేశాక చూస్తే లోపల బక్కచిక్కిన ప్రాణి.

మరి తిరిగి అడివిలో నిలదొక్కుకున్న గొర్రెలే లేవా? ఉన్నాయి. స్కాట్లండ్‌కు పడమరగా సముద్రంలో సెయింట్ కిల్డా దీవులున్నాయి. 1930లో అక్కడి మనుషులంతా వెళ్ళిపోయారు. రెండేళ్ళకు పక్కదీవి నుంచి 107 సోయే గొర్రెల్ని హిర్టా అనే దీవికి తెచ్చి వదిలారు. వాటి సంతతి ఇవాళ్టికీ అక్కడే ఉంది, కాపరి లేడు. అది పాతకాలపు జాతి, ఉన్ని తనే రాల్చుకుంటుంది, కాబట్టి బతికింది. ఆ బతుకు కూడా సుఖమైనదేం కాదు. కొన్ని చలికాలాల్లో గడ్డి దొరక్క సగానికి సగం చచ్చిపోతాయి.

"పిల్లి సంగతేమిటి, దానికి వేట వచ్చు కదా" అని మీరు అడగొచ్చు. నిజమే, వేట మరిచిపోలేదు. కానీ పిల్లి మనసు చాలా చిన్నప్పుడే ఒక వైపుకు తిరిగిపోతుంది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చెయ్యి తగిలితే మనిషిని నమ్ముతుంది. ఆ వారాల్లో తగలకపోతే, ఇంటిపిల్లికి పుట్టినదైనా మనిషిని చూసి బెదిరిపోతుంది. మనిషిని నమ్మడం నేర్చుకున్న పిల్లిని బయట వదిలేస్తే వేట ఉన్నా సరే, రోజూ తెరుచుకునే తలుపు కోసం వెతుక్కుంటుంది. కుందేలు గతి ఇంకా అన్యాయం. మనం ముచ్చటపడి పెంచిన ఆ తెల్లటి ఒళ్ళే పచ్చటి పొలంలో గద్దకు దూరం నుంచి కనిపిస్తుంది.

సమయం తక్కువగా ఉంది కాబట్టి ఒక్క పని గురించే చెబుతాను. ఇల్లు మారుతున్నామనో, పెంచలేకపోతున్నామనో జంతువును తోపులోనో పొలంలోనో వదిలి రాకండి. "స్వేచ్ఛగా వదిలేశాం" అని మన మనసుకు చెప్పుకుంటాం. దాని ఒంటికి ఆ స్వేచ్ఛ ఎలా వాడుకోవాలో తెలియదు. వదిలేయక తప్పని పరిస్థితి వస్తే, జంతువు ఇంకా మీ ఇంట్లో ఉండగానే మరో ఇల్లు వెతకండి. చివరి వారంలో కాదు, నెలల ముందు నుంచే. మీ పశువైద్యుణ్ణి అడగండి, జంతువుల ఆశ్రయాలను అడగండి. పిల్లీ కుక్కా అయితే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు మీరే చేయించి ఇవ్వండి. ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, ఏ పేరుతో పిలిస్తే పలుకుతుంది అన్నవి కాగితం మీద రాసి ఇవ్వండి. అది పడుకునే గుడ్డ ఉతక్కుండా దానితో పాటే పంపండి, తెలిసిన వాసన ఉంటే కొత్తచోట బెదురు తగ్గుతుంది. ఇచ్చి వచ్చిన వారానికి ఒకసారి ఫోన్ చేయండి. తింటోందా, నిద్రపోతోందా, ఎక్కడైనా దాక్కుంటోందా అని అడగండి. దాక్కుంటోందంటే ఒకసారి మీరే వెళ్ళి చూసి రండి.

సెలవు. నమస్కారం.