"స్పీడు గుర్రం" మాట ఫోర్డ్ అన్నాడా? మొదటిసారి కారు కొన్నవాళ్ల అసలు కథ

నమస్తే అండి. ఏ బిజినెస్ స్పీచ్ విన్నా ఏ మోటివేషన్ రీల్ చూసినా ఒకటే మాట, ఫోర్డ్ కార్ల కంపెనీ పెట్టిన హెన్రీ ఫోర్డ్ అన్నాడంట, "జనాన్ని ఏం కావాలని అడిగుంటే ఇంకా స్పీడుగా పరిగెత్తే గుర్రం కావాలనేవాళ్లు" అని. దాంతో కస్టమర్‌కి ఏం తెలీదు, మనమే చెప్పాలి అని పాఠం తీస్తారు. అసలు ఫోర్డ్ ఈ మాట అన్నట్టు ఆయన బతికున్న రోజుల్లో రాసిన ఆధారం ఒక్కటి కూడా దొరకలేదండి. అంతకంటే నాకు బాధేంటంటే, ఆ రోజుల్లో కారు కొన్న రైతులు ఏం తెలీనోళ్లు కాదు, వాళ్లు అడిగినవన్నీ సరైన ప్రశ్నలే.

మన ఊళ్లలో గేదెని ఎలా కొంటారో గుర్తు తెచ్చుకోండి. నోరు తెరిచి పళ్లు చూస్తారు, ఎన్నో ఈత అని అడుగుతారు, పొదుగు చూస్తారు, అప్పటికీ నమ్మకం కుదరక రెండు మూడు పూటలు దగ్గరుండి పాలు పిండించి చూశాకే డబ్బులు బయటికి తీస్తారు. ఇప్పుడు అదే మనిషి ముందు ఒక ఇనుప గేదెని పెట్టండి. పళ్లు లేవు, ఈతలు లేవు, దేన్ని చూసి బేరమాడాలి?

[స్క్రీన్ మీద మోడల్ టి ఫొటో]

1908 అక్టోబర్, అమెరికా. ఫోర్డ్ కంపెనీ మోడల్ టి అనే కారు వచ్చింది, అందులో టూరింగ్ రకం, అంటే నలుగురైదుగురు కూర్చునే ఓపెన్ బండి, 850 డాలర్లు. ఇప్పటి కారులా కూర్చుని తోలేద్దాం అనుకుంటే కుదరదు. కింద మూడు పెడల్స్ ఉంటాయి, కానీ ఎడమది పూర్తిగా తొక్కితే లో గేర్, వదిలేస్తే హై గేర్, మధ్యది రివర్స్, కుడిది బ్రేకు. మరి యాక్సిలరేటర్ ఏది? అది స్టీరింగ్ కింద కుడివైపు చిన్న లివర్, చేత్తో లాగాలి. ఎడమ వైపు ఇంకో లివర్, అది స్పార్క్ టైమింగ్ కోసం, అంటే ఇంజన్‌లో పెట్రోల్‌ని అంటించే నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సరిచేయడానికి. స్టార్ట్ చెయ్యాలంటే దిగి ముందుకెళ్లి హ్యాండిల్ తిప్పాలి, స్పార్క్ లివర్ సరిగ్గా పెట్టకపోతే ఆ హ్యాండిల్ వెనక్కి తన్నేది, చేతులు విరిగినోళ్లు ఉన్నారు. పెట్రోల్ ట్యాంక్ సీటు కింద, పంపు లేదు, పెట్రోల్ దానంతటదే కిందున్న ఇంజన్‌లోకి జారాలి, అందుకని బాగా నిట్టనిలువు ఎత్తు వస్తే బండి తిప్పి రివర్స్‌లో ఎక్కేవాళ్లు. గుర్రం కళ్లేలు పట్టుకుని బతికిన మనిషికి ఇవన్నీ ఎవరు నేర్పాలి? డీలరే. అమ్మినోడే పక్కన కూర్చుని రోడ్డు మీదకి తీసుకెళ్లి నేర్పించాలి. అమ్మకం అంటే అదే పని, బిల్లు రాయడం చివర్లో వచ్చే చిన్న ముక్క.

పాలు పిండి చూపించడం అన్నాను కదా, ఆ పని అందరికంటే ముందు చేసింది ఒక ఆడమనిషి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్లకు పైగా కారు తోలుకుంటూ వెళ్లిపోయింది. దారిలో ఇంధనం అయిపోతే వీస్లోహ్ ఊళ్లో మందుల షాపులో కొన్నది, బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర తోలు వేయించుకుంది. భర్త కార్ల్ బెంజ్ బండి కనిపెట్టాడు సరే, కానీ ఇది నిజంగా ఊరు దాటుతుంది అని జనానికి చూపించింది ఆవిడే. నాకైతే ఆటోమొబైల్ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన ప్రయాణం ఇది.

సరే మళ్లీ గేదె దగ్గరికి. రైతు తర్వాత అడిగేది, జబ్బు చేస్తే డాక్టర్ ఉన్నాడా, మేత ఎక్కడ? ఫోర్డ్ గెలిచింది ఇక్కడే అని నా అభిప్రాయం. వేలకొద్దీ ఊళ్లలో డీలర్లు, వాళ్ల దగ్గరే స్పేర్ పార్టులు, దాదాపు 19 ఏళ్లు అదే మోడల్ కాబట్టి పార్టు దొరకదన్న భయం తక్కువ, సుత్తి రెంచి పట్టుకోగలిగితే సగం రిపేర్లు రైతే చేసుకునేవాడు. గేదె అంటే పాలొక్కటే కాదు కదా, ఎరువు, పిడకలు కూడా. అలాగే ఈ రైతులు వెనక చక్రం పైకి లేపి దానికి బెల్టు తగిలించి కట్టెలు కోసుకున్నారు, నీళ్లు తోడుకున్నారు. కంపెనీ చెప్పింది విని ఊరుకోలేదు వాళ్లు, బండిని వాళ్ల పనికి వంచుకున్నారు.

టైమ్ అయిపోతోంది కాబట్టి డబ్బుల సంగతి త్వరగా చెప్పేస్తాను. 1913లో కదిలే అసెంబ్లీ లైన్ వచ్చాక పన్నెండున్నర గంటలు పట్టే ఛాసీ (బండి కింది చట్రం) బిగింపు గంటన్నరకి దిగింది, 1914కి టూరింగ్ రేటు 490 డాలర్లు, 1925కి 300 లోపు. ఒక ఏడాది అమ్మకాలు మూడు లక్షల కార్లు దాటితే కొన్న ప్రతి ఒక్కరికీ 50 డాలర్లు వెనక్కిస్తా అన్నాడు ఫోర్డ్, దాటాయి, ఇచ్చాడు.

కానీ ఫోర్డ్‌కి అప్పు మీద అమ్మడం ఇష్టం లేదు. 1919లోనే పోటీ కంపెనీ జనరల్ మోటార్స్ కారు కొనేవాళ్లకి అప్పులివ్వడానికి వేరే కంపెనీ పెట్టేసింది. ఫోర్డ్ 1923లో తెచ్చిన స్కీమ్ ఏంటంటే వారానికి 5 డాలర్లు కట్టుకుంటూ పోతే మొత్తం అయ్యాక కారు ఇస్తారు. అంటే డబ్బులు మనవి, గేదె మాత్రం వాళ్ల కొట్టంలోనే. అవతల జనరల్ మోటార్స్ వాళ్ల షెవ్రొలే కార్లు అమ్మేవాళ్లు ముందు గేదెని తోలుకెళ్లు, పాల డబ్బుల్లోంచి కట్టు అంటున్నారు. ఎవరి దగ్గరికి పోతారు చెప్పండి. పైగా అప్పటికి కొనేవాళ్లలో చాలామంది మొదటిసారి వాళ్లు కాదు, పాత బండి తీసుకుని కొత్తది ఇస్తావా, రంగులున్నాయా అని అడుగుతున్నారు. వాళ్లు అడుగుతూనే ఉన్నారు, ఫోర్డ్ వినలేదు. 1927 మేలో కోటిన్నర బండ్ల తర్వాత మోడల్ టి ఆపేశాడు, ఆ తర్వాతి ఏడాది, 1928లో, ఫోర్డ్ కూడా అప్పు కంపెనీ పెట్టి వాయిదాల మీద కార్లు ఇవ్వడం మొదలుపెట్టాడు.