ఊరికో వేళ

శ్రోతలకు నమస్కారం.

పని మీద ఊళ్లు తిరిగే విలేకరికి, చూడదగ్గ ప్రదేశాలేమిటో కన్నా ముందు తెలియాల్సింది ఇంకొకటి ఉంది. ఆ ఊరు ఏ వేళకి తన అసలు పనిలో మునిగి ఉంటుంది? ప్రతి ఊరికీ అలాంటి వేళ ఒకటుంటుంది. అది దాటాక వెళ్తే గోడలు కనిపిస్తాయి, మనుషులు దొరకరు. దొరికినా, అప్పటికే పదిమందికి చెప్పిన మాట పదకొండోసారి చెబుతారు. అందుకే విలేకరి ప్రయాణాన్ని ఆ వేళ నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. ఏ బండి ఎక్కాలి, ఎక్కడ పడుకోవాలి అన్నవి ఆ తర్వాతే తేలతాయి.

విశాఖపట్నం సంగతి చూడండి. బీచ్ రోడ్డు ఏ వేళకి వెళ్లినా అందంగానే ఉంటుంది. ఫిషింగ్ హార్బర్ అలా కాదు, తెల్లవారకముందే వెళ్లాలి. బోట్లు సరుకు దించుతుంటాయి, నేల మీద కుప్పలు పోసి వేలంపాట సాగుతుంటుంది. చందువ, వంజరం, కానాగంతలు, రొయ్యలు దేని కుప్ప దానిదే. తట్టలతో కూర్చున్న ఆడవాళ్లు పాట వినిపించినంతసేపూ కళ్లెత్తరు. ఆ సమయంలో ప్రశ్నలు అడగకూడదు. పాట పూర్తయి, ఐసు కొట్టుకుని తట్టకెత్తుకునే లోపు రెండు నిమిషాలు దొరుకుతాయి, అప్పుడు అడగాలి. తొమ్మిదింటికి వెళ్తే కడిగిన నేల తప్ప ఏమీ ఉండదు. ఇంకో ముఖ్యమైన విషయం: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. మే నెలలో వెళ్లి హార్బర్ బోసిపోయిందని రాస్తే అది వార్త కాదు, అప్పుడు అలాగే ఉంటుంది. ఆ రెండు నెలల్లో అడగాల్సింది వలల మరమ్మతు గురించి, బోటు రంగుల ఖర్చు గురించి, వేట నిషేధ భృతి చేతికి ఎప్పుడొచ్చిందన్న దాని గురించి.

గుంటూరు మిర్చి యార్డుది పొద్దుటి వేళ. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో సరుకు ముంచెత్తుతుంది. మే నెలలో వేసవి సెలవులిస్తారు. యార్డులోకి అడుగు పెట్టగానే ఘాటు గొంతులో పడి దగ్గు మొదలవుతుంది. అలవాటు లేనివాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, కాయ పట్టుకున్న చేత్తో కళ్లు నలుపుకోకూడదు.

అక్కడ ధర ఎలా తెగుతుందో దగ్గర నుంచి చూడాలి. రైతు తెచ్చిన బస్తాని అక్కడ టిక్కీ అంటారు. దాని మూతి విప్పి, గుప్పెడు కాయలు తీసి, కొనేవాడు ముందు చెవి దగ్గర ఆడిస్తాడు. బాగా ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి. నెమ్ము ఉన్న కాయ చప్పుడు చేయదు, వంచితే విరగకుండా వంగుతుంది. తర్వాత రంగు చూస్తాడు, తెల్లబడ్డ తాలుకాయలు ఎన్ని ఉన్నాయో చూస్తాడు. ఇదంతా నిమిషం కూడా పట్టదు. ఆర్నెల్ల సేద్యం ఆ గుప్పెట్లో తేలిపోతుంది. పక్కన నిలబడ్డ రైతు ముఖంలోకి ఆ నిమిషంలో ఎవరూ చూడరు. విలేకరి చూడాలి.

గుంటూరు వార్తల్లో తరచూ జరిగే పొరపాటు ధర దగ్గరే. ఆ రోజు యార్డులో పలికిన అత్యధిక ధరను పెద్దక్షరాల్లో వేసేస్తారు. ఆ ధర ఏదో ఒక్క లాటుకి, అదీ డీలక్స్ అనే మేలు రకం సరుకుకి, పలికి ఉంటుంది. పేపర్లో అది చూసుకుని దూరం నుంచి లారీ కట్టుకొచ్చిన రైతుకి క్వింటాలుకి వేలల్లో తేడా కనబడుతుంది. అందుకని మూడు ధరలు రాసుకోవాలి: అత్యధికం, అత్యల్పం, ఎక్కువ టిక్కీలు ఏ ధరకి అమ్ముడుపోయాయో అది. మూడోదే అసలు ధర. రకం పేరు కూడా తప్పకుండా రాయాలి. తేజ ధర వేరు, 334 ధర వేరు, బాడిగ ధర వేరు. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన కాయా, కొత్త కాయా అన్నది కూడా అడగాలి.

ఇక షోలాపూర్. మహారాష్ట్రలో ఉన్నా ఆ ఊరి తూర్పు భాగంలో తెలుగు వీధులున్నాయి. తెలంగాణ నుంచి తరాల కిందటే వలస వెళ్లిన పద్మశాలీలు అక్కడ దుప్పట్లు, తువ్వాళ్లు నేస్తున్నారు. ఎంతో మంది ఆడవాళ్లు బీడీలు చుడతారు. "మీది ఏ ఊరండీ?" అని అడిగితే "షోలాపూరే" అంటారు. "మీ తాతలది ఏ ఊరు?" అని అడగండి, తెలంగాణ పల్లె పేరు బయటికొస్తుంది. ఆ మాట మరాఠీ కలిసిన తెలుగులో వస్తుంది. దాన్ని దిద్ది మన తెలుగులోకి మార్చి రాస్తే, వంద మైళ్లవతల నిలబెట్టుకున్న భాషని మనమే చెరిపేసినట్టు. వాళ్లు అన్నది అన్నట్టే రాయాలి.

మరమగ్గాల షెడ్డులో మాట వినబడదు. మగ్గాలన్నీ కలిసి ఒక్కటే హోరు. రికార్డర్ పెట్టినా ఆ మోతలో గొంతు మునిగిపోతుంది. అందుకని పడుగు చుట్టిన బీమ్ అయిపోయి కొత్తది ఎక్కించే వేళ కోసం కాచుకోవాలి. పాత పోగుకి కొత్త పోగు అతికేటప్పుడు మగ్గం ఆగుతుంది. చేతులు పనిలో ఉంటాయి, నోరు ఖాళీగా ఉంటుంది. మనిషి మనసులో మాట వచ్చేది అప్పుడే. మగ్గం చప్పుడు కావాలంటే విడిగా ఒక అరనిమిషం రికార్డు చేసుకుంటే చాలు. బీడీల సంగతైతే, చుట్టినవి లెక్కకి తీసుకెళ్లే సమయానికి ఉండాలి. కూలీ వెయ్యి బీడీలకింత అని ఉంటుంది. బాగాలేవని ఎన్ని తీసి పక్కన పెట్టారో అడగాలి. చేతికొచ్చే డబ్బు ఆ తీసేసిన వాటి మీదే ఆధారపడుతుంది.

ఊరి వేళ తెలిసినా, స్టేషన్ పేరు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. మెయిన్ లైనులో వెళ్లే రైళ్లలో చాలావాటికి కాకినాడ తగలదు, సామర్లకోటలో దిగాలి. తిరుపతికి వెళ్లాలంటే కొన్ని బండ్లకి రేణిగుంటలోనే దిగాలి. హైదరాబాద్ అంటే సికింద్రాబాదా, కాచిగూడా, నాంపల్లా, ఇప్పుడు చర్లపల్లా అన్నది టికెట్టు మీద చదువుకోవాలి. కోల్‌కతాకి వెళ్తే హౌరా వేరు, షాలిమార్ వేరు. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు షాలిమార్ నుంచే నడుస్తోంది.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది భద్రాచలం రోడ్. పేరు భద్రాచలానిదే, స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కణ్నుంచి భద్రాచలానికి ఇంకో 40 కిలోమీటర్లు, పాల్వంచ మీదుగా రోడ్డు ప్రయాణం. సారపాక దాటాక గోదావరి వంతెన ఎక్కాలి. మామూలు రోజుల్లో ఇది చిన్న విషయమే. వరద రోజుల్లో మాత్రం మొత్తం ప్రయాణమంతా ఈ వంతెన మీదే ఆధారపడి ఉంటుంది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటిన వరదలో దీని మీద రాకపోకలు ఆపేశారు. ఇవతల సారపాక వైపు బస చేసినవాళ్లు ఇవతలే ఉండిపోతారు. వరద వార్తకి వెళ్లేవాళ్లు నీళ్లు పెరుగుతుండగానే వంతెన దాటి అవతల ఒడ్డుకి చేరుకోవాలి. మందులు, టార్చి, పవర్ బ్యాంకు, రెండు రోజుల తిండి, ఏటీఎం మీద ఆధారపడకుండా కొంత నగదు వెంట ఉండాలి.

భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగుల దాకా వచ్చింది. ఈ అంకెలు అక్కడ చిన్నపిల్లలకి కూడా కంఠతా వచ్చు. అయితే అంకె ఒక్కటే రాస్తే చాలదు. గంటకి ఎంత పెరుగుతోంది, ఎంత తగ్గుతోంది అన్నదే జనానికి కావాలి. పక్కన టైము లేని నీటిమట్టం ఎందుకూ పనికిరాదు. డెస్కుకి చెప్పేటప్పుడు "ఉదయం ఆరింటికి ఇంత, ఏడింటికి ఇంత" అని చెప్పాలి. క్యూసెక్కులకీ టీఎంసీలకీ తేడా చూసుకోవాలి. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు చొప్పున పారే నీరు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల పరిమాణం. సుమారు 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. దిగువన ధవళేశ్వరం లెక్కలు మళ్లీ వేరు, అక్కడ మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే. రెంటినీ పక్కపక్కన వేసి పోల్చకూడదు.

ఈ నది దగ్గర ఇంకో చిక్కు ఉంది. నీటిమట్టం కొలిచే గేజీ భద్రాచలంలో, అంటే తెలంగాణలో. మునిగే కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాలు. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లు కలవడానికి చోటు లేక వెనక్కి ఎగదన్ని చింతూరు వైపు రోడ్ల మీదికి ఎక్కుతాయి. కాబట్టి అక్కడ వాన లేకపోయినా దారి తెగిపోవచ్చు. ఒక రాష్ట్రం అధికారి చెప్పిన మాటతో వార్త ముగించేస్తే సగం జనం అందులో ఉండరు. రెండు వైపులా అడగాలి. చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ మీదుగా వెళ్లేవాళ్లు ఫొటోలు, వార్త ముందే పంపేయాలి. ఆ దారిలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ అందదు. జిల్లా పేజీ మన కోసం ఆగదు.

మట్టం 43 కిందికి రాగానే హెచ్చరిక ఎత్తేస్తారు, కెమెరాలు వెనక్కి తిరుగుతాయి. ఊళ్లలో అసలు పని మొదలయ్యేది మాత్రం అప్పుడే. నీళ్లు తగ్గుతున్నప్పుడే, ఆ వరద నీటితోనే ఇల్లు కడుక్కోవాలి. ఆలస్యమైతే ఒండ్రు గట్టిపడిపోతుంది, పారతో చెక్కినా రాదు. అందుకని ఇంటిల్లిపాదీ మోకాలి లోతు నీళ్లలో చీపుర్లు, పళ్లాలు పట్టుకుని తోస్తుంటారు. బయట దండెం మీద రేషన్ కార్డులు, పట్టాదారు పాసు పుస్తకాలు బట్టల పక్కనే ఆరుతుంటాయి. నష్టం రాసుకునే సిబ్బంది వచ్చేసరికి ఇళ్లు శుభ్రంగా కనబడతాయి. ఆలోపే గడప మీద నుంచి గోడ మీది నీటి గీత దాకా టేపు పెట్టి కొలిచి, తేదీతో ఫొటో తీసి, ఒక ప్రతి ఆ ఇంటివాళ్ల ఫోన్‌కే పంపించాలి. సున్నం వేశాక ఆ గీత కనబడదు.