చర్చా వేదిక: దావీదు ఊరా, దావీదు పట్టణమా?

మోడరేటర్: నమస్కారం. క్రిస్మస్ దగ్గర పడుతుండగా ఒక ప్రసంగం క్లిప్ ఫోన్లలో చక్కర్లు కొడుతోంది. తెలుగు బైబిల్‌లో, లూకా 2:4లో యోసేపు ‘దావీదు ఊరికి’, అంటే బేత్లెహేముకు వెళ్లాడు. 2:11లో రక్షకుడు పుట్టింది ‘దావీదు పట్టణమందు’. ఒకే చోటికి రెండు మాటలు వాడి అనువాదకులు తప్పు చేశారంటోంది ఆ క్లిప్. సూటిగా అడుగుతున్నా. చేశారా, లేదా?

హీబ్రూ అధ్యాపకురాలు: గ్రీకు మూలంలో రెండుచోట్లా ఉన్నది పోలిస్, అంటే పట్టణం అనే మాటే. హీబ్రూలో దానికి సాటి ‘ఈర్’. 1 సమూయేలు 20:6లో బేత్లెహేమును దావీదుకు ‘తన ఈర్’ అన్నారు, అంటే సొంతూరు. ఎంత పెద్దదన్నది ఆ మాట చెప్పదు...

బైబిల్ బోధకుడు: ఒక్క నిమిషం మేడమ్. ఈర్ అంటే గోడ. గోడ ఉంటే ఈర్, లేకుంటే పల్లె. లేవీయకాండం 25:29 తీయండి. ప్రాకారం ఉన్న పట్టణంలో ఇల్లు అమ్మితే విడిపించుకోడానికి ఏడాదే గడువు. అది దాటితే కొన్నవాడికే శాశ్వతం, యాభై ఏళ్లకోసారి ఆస్తులు తిరిగిచ్చే సునాద సంవత్సరం వచ్చినా తిరిగి రాదు. గోడ లేని పల్లెలో ఇల్లు పొలంతో సమానం, సునాదానికి సొంతదారుడికి వచ్చేస్తుంది. చట్టమే గోడను బట్టి ఉంది!

అధ్యాపకురాలు: అక్కడున్నది ‘ఈర్ హోమా’ అండీ.

మోడరేటర్: హోమమా?

అధ్యాపకురాలు: హోమా. ప్రాకారం. ఈర్‌లోనే గోడ ఇమిడి ఉంటే మళ్లీ హోమా అని చేర్చడం దేనికి? ద్వితీయోపదేశకాండం 3:5లో గోడల్లేని వాటిని కూడా ‘ఆరే’ అనే అన్నారు. అది ఈర్‌కు బహువచన రూపమే. అందుకే పక్కన ఏ మాట ఉందో ముందు చూడాలి. మివ్‌సార్ ఉంటే కోట, పెరాజీ ఉంటే గోడలేని బయలు ఊరు...

బోధకుడు: అది మినహాయింపు. నేను చెప్పేది సూత్రం. గోడ!

మోడరేటర్: సార్, తవ్వకాలు ఏమంటున్నాయి? తప్పు చేశారంటారా?

పురావస్తు అధ్యాపకుడు: తప్పొప్పుల సంగతి తర్వాత. ఆదికాండం 26:33లో బెయేర్షెబాను ఈర్ అన్నారు. ఆ పాత ఊరి శిథిలాల దిబ్బ సుమారు మూడెకరాలు. యెహోషువ 19లో కోటగల పట్టణాల జాబితాలో ఉన్న హాసోరు కంచు యుగంలో దాదాపు 200 ఎకరాలు. మాట మాత్రం ఒకటే. ఎకరాకు 80 నుంచి 100 మంది అని లెక్క వేయడం మామూలు. ఆ లెక్కన బెయేర్షెబాలో మూడు వందల లోపే. అందులోనూ గిడ్డంగులు, గవిని అంటే ఊరి ద్వారం, నీటి కట్టడం తీసేస్తే ఇళ్లకు మిగిలేది ఇంకా తక్కువ. ఈ కోత వేయకుండా విస్తీర్ణాన్ని గుణించేస్తే జనాభా ఉబ్బిపోతుంది.

బోధకుడు: బెయేర్షెబాకు గోడ ఉందా లేదా?

పురావస్తు: తర్వాతి పొరల్లో ఉంది. కానీ...

బోధకుడు: ఉంది! అంతే. ఇంకో సంగతి. ఆదికాండం 11:31, ‘కల్దీయుల ఊరను పట్టణము’. ఊర్, ఈర్, మన ఊరు. ఒకే వేరు కాదా?

మోడరేటర్: ఆహా! ప్రేక్షకులకు ఇది బాగా నచ్చుతుంది. మన ఊరు ఊర్ నుంచి వచ్చిందా?

అధ్యాపకురాలు: రాలేదండీ. హీబ్రూలో ఆ ఊర్‌కు మొదటి అక్షరం అలెఫ్, ఈర్‌కు అయిన్ అనే వేరే అక్షరం. తెలుగు లిపిలో అయిన్‌కు అక్షరం లేదు కాబట్టి రెండూ అచ్చులతో రాస్తాం, ఒకేలా కనిపిస్తాయి. మన ఊరు తమిళ, కన్నడాల్లోనూ ఉన్న ద్రావిడ మాట.

బోధకుడు: శబ్దం ఒకటేగా?

పురావస్తు: పురావస్తు శాస్త్రవేత్త లెనార్డ్ వూలీ 1922 నుంచి 1934 దాకా తవ్విన చోటది, ఇరాక్‌లో. శబ్దాన్ని బట్టి...

మోడరేటర్: సమయం తక్కువ. అనువాదకులు తప్పు చేశారా?

అధ్యాపకురాలు: లేదు. అసలు చిక్కు వేరే ఉంది. 2 సమూయేలు 5:7లో ‘ఈర్ దావీద్’ అంటే యెరూషలేములోని సీయోను కోట. లూకా ఆ పేరును బేత్లెహేముకు పెట్టాడు. క్లిప్‌లో ఇది లేనే లేదు. యోహాను 7:42 బేత్లెహేమును కోమే, అంటే గ్రామం అంటుంది. దీని మీద కదా...

బోధకుడు: బేత్లెహేముకూ గోడ ఉంది! 2 సమూయేలు 23:15, గవిని దగ్గరి బావి. గవిని ఉందంటే గోడ ఉన్నట్టే.

పురావస్తు: అలా ఏం లేదు. ఇళ్లను వలయంగా, వెనక గోడలు ఒకదానికొకటి ఆనేలా కట్టి, మధ్యలో ఒక దారి వదిలితే అదే గవిని. ప్రత్యేకంగా ప్రాకారం అక్కర్లేదు. బేత్లెహేమును రెహబాము కట్టించాడని 2 దినవృత్తాంతములు 11:6 చెబుతోంది. ఆయన దావీదు మనవడు. 1 సమూయేలు 20 నాటికి...

బోధకుడు: చూశారా, కట్టించాడు! నేను మొదటి నుంచీ అదే అంటున్నా. గోడ ఉంటే ఈర్. లేవీయకాండం 25...

అధ్యాపకురాలు: మళ్లీ అక్కడికేనా? అక్కడ హోమా అని వేరే...

మోడరేటర్: సరే, సరే. అయ్యగారు బలంగా చెప్పారు, గోడ ఉంటేనే పట్టణం. మేడమ్ కొంత తేడాగా చెప్పారు. మరి 2:4లో ‘ఊరు’ అని రాసినవాళ్లు తప్పు చేసినట్టే కదా?

అధ్యాపకురాలు: నేను అలా అనలేదు. పోలిస్ రెండుచోట్లా...

బోధకుడు: గోడ లేకుండా గవిని ఎక్కడుంది, ఒక్కటి చూపించమనండి!

మోడరేటర్: విరామం తర్వాత చూపిస్తారేమో. చిన్న బ్రేక్.