చెరువు కట్ట మీద కాండోర్సే

వేదిక మీది పెద్దలందరికీ నమస్కారం. పేర్లన్నీ ఇందాక ఆ అమ్మాయి చక్కగా చదివింది, మళ్లీ నేనెందుకు. ‘సమష్టి నిర్ణయాలు, రాజకీయ అర్థశాస్త్ర నమూనాలు’ అని అంశం ఇచ్చి ఇరవై నిమిషాలన్నారు. గంట కొట్టేదాకా ఆపడం ఎరగని నోరు ఇది. కాస్త అటూ ఇటూ అయితే ఓర్చుకోండి.

అమెరికా అర్థశాస్త్రవేత్త మాన్కర్ ఓల్సన్ 1965లో ఒక మాట తేల్చాడు: అందరికీ లాభమైన పని గనక అందరూ కలిసి చేస్తారనుకుంటే పొరపాటే. చెరువులో పూడిక తీస్తే పార పట్టనివాడి కయ్యకూ నీళ్లు పారతాయి. అందుకే ప్రతివాడూ పక్కవాడి పార కేసి చూస్తాడు. అయితే అంతటితో ఆపి, మనుషులంతా స్వార్థపరులని పరీక్షలో రాసి రాకండి. మన కర్నూలు జిల్లాలోనే కాలువ కింది ఊళ్లను చూసి రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1988లో పుస్తకం తెచ్చాడు. నీటికి కటకటగా ఉండే కాలువ చివరి ఊళ్లలో రైతులే డబ్బు వేసుకుని, నీళ్లు పంచే నీరుగంట్లను పెట్టుకున్నారు, ఊరికో నిధి ఏర్పాటు చేసుకున్నారు. పైన నీళ్లు పుష్కలంగా ఉన్న ఊళ్లకు ఆ అగత్యం పట్టలేదు. రాజకీయ శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో నోబెల్ వచ్చింది కూడా ఇలాంటి ఉమ్మడి ఏర్పాట్ల మీద చేసిన పనికే.

ఇదంతా మీ పుస్తకాల్లో ఉంది. నేను వచ్చింది మా ఊరి చెరువు సంగతి చెప్పడానికి.

1997లో సాగునీటి వ్యవస్థలను రైతులకే అప్పగిస్తూ చట్టం వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. మా చెరువుకూ ఒకటి వచ్చింది. చదువుకున్నవాడినని తీర్మానాల పుస్తకం నా చేతికిచ్చారు. ఒక ఏడాది కొంత డబ్బొచ్చింది, ఒక్క పనికే చాలుతుంది. పూడిక తీయడమా, కారే తూము బాగుచేయడమా, కాలువకు సిమెంటా?

తూము పక్క రైతులకు ముందు పూడిక కావాలి, ఆ ఒండ్రు వాళ్ల చేలకే పోతుంది. తర్వాత కాలువ, ఎందుకంటే ఊటతో వాళ్ల మళ్లు చవుడు పడుతున్నాయి. తూము మాత్రం వద్దు, కారే తూమే వాళ్లకు దొంగ నీళ్లు. చివరి ఆయకట్టు వాళ్లకు ముందు కాలువ, తర్వాత తూము. ‘పూడిక తీస్తే మాత్రం ఆ నీళ్లు మాదాకా వస్తాయా’ అని వాళ్ల వాదన. బావుల వాళ్లకు ముందు తూము, చెరువు ఊరికే ఖాళీ కాకూడదు. తర్వాత పూడిక. కాలువకు సిమెంటు పూస్తే బావుల్లోకి ఊట రాదు గనక అది చివర. మూడు జట్లూ ఇంచుమించు సమానం.

వేళ్ల మీద లెక్కపెట్టండి, నేను ఆగుతాను. కాలువా తూమా అంటే కాలువ. తూమా పూడికా అంటే తూము. పూడికా కాలువా అంటే పూడిక! అందరూ తమ తమ వరస సరిగ్గానే చెప్పారు, ఊరి వరస మాత్రం గానుగెద్దులా తిరుగుతోంది. ఫ్రెంచి గణితవేత్త కాండోర్సే 1785లో చెప్పిన చిక్కు ఇదే. అర్థశాస్త్రవేత్త డంకన్ బ్లాక్ 1948లో చూపించిన మధ్య ఓటరు ఇక్కడ పనికిరాడు. కాలువకు ఎన్ని రోజులు నీళ్లు వదలాలి అన్నట్టు కోరికలన్నీ ఒకే గీత మీద ఉంటే మధ్యవాడి మాట చెల్లుతుంది. మాకు గీతే లేదు. మూడో అంతకు మించో దారులున్నప్పుడు, న్యాయమనిపించే కొద్దిపాటి షరతులన్నిటినీ ఒకేసారి నిలబెట్టి జనం వరసల్లోంచి ఊరి వరస తీసే పద్ధతి లేదని అమెరికా అర్థశాస్త్రవేత్త కెన్నెత్ ఆరో 1951లో రుజువు చేశాడు.

మా సంఘం పెద్దకు ఈ పేర్లేవీ తెలియవు. ఆయనకు ట్రాక్టర్లున్నాయి. రావిచెట్టు కింద నిలబడి, ‘ముందు తూమా కాలవా తేల్చండి’ అన్నాడు. కాలువ గెలిచింది. ‘ఇప్పుడు కాలవా పూడికా?’ పూడిక గెలిచింది. చప్పట్లు. మట్టి తోలింది ఎవరి ట్రాక్టర్లో అడగకండి. ‘సభ్యులు మెజారిటీతో పూడికతీతకు తీర్మానించడమైనది’ అని నేను రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

కట్ట దిగుతుంటే మా నీరుగంటి, వేలిముద్ర మనిషి, నా పక్కకొచ్చి అన్నాడు: ‘ముందు పూడికనీ తూమునీ తగిలించుంటే, కడాకు కాలవే వచ్చుండు గదా సార్?’

నేను నడుస్తూనే లెక్క వేశాను. నిజమే. ఏళ్ల తరబడి కాండోర్సేను నల్లబల్ల మీద క, ఖ, గ అని గీసినవాణ్ని, నా చెరువు కట్ట మీద ఆయన్ను గుర్తుపట్టలేకపోయాను. పట్టినా నోరు విప్పేవాణ్నా అన్నది వేరే ప్రశ్న. మావీ తూము పక్క మళ్లే.

చీటీ పంపారు, చూశాను, ఐపోవచ్చింది. పిల్లలూ, ఈ సెలవుల్లో మీ ఊళ్లలో తీర్మానాల పుస్తకాలు అడిగి చూడండి. ఎవరు గెలిచారో ఉంటుంది. ఏ ప్రశ్న ముందు అడిగారు, ఎవరు అడిగారు అన్నది ఉందేమో చూసి నాకు చెప్పండి. మా ఊరిదాంట్లో లేదు, రాసింది నేనే గనక తెలుసు.