సూదీ దారంతో రెండు భాషల్లో కుట్టిన చరిత్ర: వేల్స్‌లోని ఫిష్‌గార్డ్ టాపెస్ట్రీ

(తెరపై: పొడవాటి ఎంబ్రాయిడరీ వస్త్రం. కెమెరా ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా కదులుతుంది.)

బ్రిటన్ గడ్డ మీద శత్రుసైన్యం చివరిసారి దండెత్తి దిగింది ఎప్పుడో తెలుసా? 1797 ఫిబ్రవరి 22న. దిగిన చోటు వేల్స్‌కి పడమటి కొసన ఉన్న పెంబ్రోక్‌షైర్. ఫిష్‌గార్డ్ అనే చిన్న ఊరికి దగ్గర్లో, కారెగ్‌వస్తాద్ అనే రాళ్ళ తీరం. ఆ సంఘటనకి రెండు వందల ఏళ్ళు నిండిన 1997 కోసం ఆ ప్రాంతపు ఆడవాళ్ళు డెబ్బై మందికి పైగా కలిసి, కథ మొత్తాన్ని ఊలుదారంతో గుడ్డ మీద కుట్టారు. పొడవు దాదాపు 30 మీటర్లు. బొమ్మలతో పాటు రాత కూడా కుట్టిందే. ఇంగ్లీషులో ఒకటి, వేల్స్ సొంత భాష వెల్ష్‌లో ఒకటి.

ముందు కథ చెప్పుకుందాం, ఎందుకంటే కథ చాలా బాగుంటుంది.

(తెరపై: నాలుగు ఓడలున్న దృశ్యం.)

ఫ్రాన్స్ నుంచి నాలుగు ఓడల్లో సుమారు 1,400 మంది బయల్దేరారు. నాయకుడు విలియం టేట్, అమెరికా నుంచి వచ్చినవాడు. సైన్యంలో చాలామందిని జైళ్ళ నుంచి తీసుకొచ్చారు. అసలు వెళ్ళాల్సింది ఇంగ్లండ్‌లోని రేవుపట్నం బ్రిస్టల్‌కి. గాలి అనుకూలించక ఇటు తిరిగారు. ఇక్కడి పేదలు తమతో చేతులు కలిపి ప్రభుత్వం మీద తిరగబడతారని వాళ్ళ ఆశ. రాత్రికి రాత్రే కొండరాళ్ళు ఎక్కి పైకొచ్చి, ట్రెహొవెల్ అనే రైతు ఇంట్లో మకాం పెట్టారు. ఆ తర్వాత ఆకలితో చుట్టుపక్కల పొలాల మీద పడ్డారు. అంతకుముందే ఆ తీరంలో ఒక పోర్చుగీసు ఓడ పగిలిపోవడంతో, అందులోని వైన్ పీపాలు ఊళ్ళో ఇళ్ళకి చేరాయి. ఇక చెప్పేదేముంది, సైన్యంలో సగానికి మత్తెక్కింది. బ్రెస్ట్‌గార్న్ అనే ఇంట్లో ఒక సైనికుడు గడియారం శబ్దానికి బెదిరిపోయి, లోపల ఎవరో దాక్కున్నారనుకుని దాన్ని కాల్చేశాడట. తూటా దిగిన ఆ నిలువు గడియారం ఇప్పటికీ ఉంది.

(తెరపై: చేతిలో పంగలకర్రతో ఒక స్త్రీ.)

ఈమె జెమీమా నికొలస్. ఫిష్‌గార్డ్‌లో చెప్పులు కుట్టి బతికిన మనిషి. గడ్డి ఎత్తే పంగలకర్ర పట్టుకుని ఒక్కతే పన్నెండు మంది ఫ్రెంచి సైనికుల్ని పట్టుకొచ్చిందని ఊరి మాట. ఇంకో మాట కూడా ఉంది. ఎర్ర శాలువాలు కప్పుకున్న ఆడవాళ్ళు గుంపుగా నిలబడితే, దూరం నుంచి చూసిన ఫ్రెంచివాళ్ళు ఎర్రకోట్ల బ్రిటిష్ సైన్యమే వచ్చిందనుకుని హడలిపోయారట. ఇందులో ఎంత నిజమో, చెప్పేవాళ్ళు కలుపుకున్నది ఎంతో తేల్చడం కష్టం. ఖాయంగా తెలిసింది ఇది: ఫిబ్రవరి 24న గుడ్విక్ ఇసుక తీరంలో టేట్ సేన బ్రిటిష్ దళాల నాయకుడు లార్డ్ కాడర్‌కి లొంగిపోయి ఆయుధాలు కింద పెట్టింది.

చరిత్ర పుస్తకాల్లో అసలు పాత్ర కాడర్‌ది. ఊరివాళ్ళు చెప్పుకునే కథలో అసలు పాత్ర చెప్పులు కుట్టే ఆవిడది. ఈ వస్త్రం ముందు నిలబడాలని నాకు అనిపించడానికి కారణం అదే.

(తెరపై: పాత కోర్టు భవనం.)

ఒక చేదు విషయం కూడా చెప్పాలి. దాడి అయిపోయాక, శత్రువుకి సాయం చేశారనే అనుమానంతో ఇద్దరు స్థానికుల మీద రాజద్రోహం కేసు పెట్టారు. ఇద్దరూ ప్రభుత్వ చర్చిలో కాకుండా వేరే ప్రార్థనాశాలల్లో చేరినవాళ్ళు. నెలల తరబడి జైల్లో ఉంచి విచారణ దాకా తెచ్చారు. కేసు నిలబడక వదిలేశారు. వేల్స్ కోర్టుల్లో ఇంగ్లీషే ఉండాలని 1536లోనే చట్టం చేశారు. ఫిష్‌గార్డ్ చుట్టుపక్కల రైతులు ఇంట్లో, పొలంలో, ప్రార్థనలో మాట్లాడింది మాత్రం వెల్ష్. అంటే ఈ దాడి ఎవరి పొలాల్లో జరిగిందో వాళ్ళ భాషకి కోర్టు కాగితాల్లో చోటు లేదు. వెల్ష్‌కి వేల్స్‌లో చట్టపరంగా అధికారభాష హోదా వచ్చింది 2011లో. ఆ ఏడాదికి ఈ వస్త్రం వయసు పద్నాలుగేళ్ళు.

(తెరపై: అక్షరాల క్లోజప్.)

ఇప్పుడు పని ఎలా జరిగిందో చూద్దాం. నమూనా ఫ్రాన్స్‌లోని బాయూ టాపెస్ట్రీ. పదకొండో శతాబ్దం నాటిది, దాదాపు 70 మీటర్ల పొడవు, రాత లాటిన్‌లో. టాపెస్ట్రీ అని పేరే గానీ రెండూ మగ్గం మీద నేసినవి కావు, సూదితో కుట్టినవే. ఫిష్‌గార్డ్‌ది డిజైన్ చేసింది ఎలిజబెత్ క్రాంప్ అనే చిత్రకారిణి. ఆవిడ గీసిన దృశ్యాలను ముక్కలు ముక్కలుగా పంచుకుని కుట్టారు.

క్లోజప్‌లో అక్షరాల్ని చూడండి. ఏ పోస్టర్ మీదైనా రెండో భాష పెట్టాలంటే అనువాదం చేయించి, చివర్లో మిగిలిన ఖాళీలో చిన్న అక్షరాలతో అతికించేస్తారు. కుట్టుపనిలో ఆ వీలు లేదు. రెండు భాషలకీ చోటు ముందే గీసుకోవాలి. ఇంగ్లీషు అక్షరానికి ఎన్నిసార్లు సూది దింపి తీయాలో వెల్ష్ అక్షరానికీ అంతే. రెండో భాష కోసం ఎవరో ఒకరు గంటలకొద్దీ వేళ్ళు నొప్పి పుట్టేలా కూర్చుంటే తప్ప ఆ వాక్యం గుడ్డ మీదికి రాదు. రెండు భాషలకీ సమాన గౌరవం అని ఎన్ని కాగితాల మీద రాసుకున్నా, నాకు అది కళ్ళకి కట్టింది ఇక్కడే.

పెంబ్రోక్‌షైర్‌కి ఇది మరీ అవసరం. జిల్లా మధ్యలో లాన్‌స్కర్ అనే గీత ఒకటి ఉందని అక్కడ చెప్పుకుంటారు. మ్యాప్‌లో సరిహద్దుగా గీసింది కాదు, మాటలో వినిపించేది. దానికి ఉత్తరాన వెల్ష్ ఊళ్ళు, దక్షిణాన కొన్ని వందల ఏళ్ళుగా ఇంగ్లీషు మాట్లాడే ఊళ్ళు. ఫిష్‌గార్డ్ ఉత్తరం వైపు ఉంది. ఏదో ఒక్క భాషలో కుడితే జిల్లాలో సగం మందికి అది పక్కింటివాళ్ళ కథ అయ్యేది. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్‌లో వెల్ష్ మాట్లాడగలమని చెప్పినవాళ్ళు 17.8 శాతం. ఊరి కథని ఊరివాళ్ళే చేతులతో చేసినప్పుడు ఆ భాష బడి గోడలు దాటి బయట కనిపిస్తుంది.

(తెరపై: ఫిష్‌గార్డ్ వీధి, టౌన్‌హాల్.)

టాపెస్ట్రీని ఫిష్‌గార్డ్ టౌన్‌హాల్‌లో ప్రదర్శనకి పెట్టారు. యూకేలో ఉన్న మనవాళ్ళు అటు వెళ్తే, తీరిగ్గా చూసేలా టైమ్ పెట్టుకోండి. జెమీమా స్మారకశిల దగ్గర్లోనే, సెయింట్ మేరీస్ చర్చి దగ్గర ఉంది. కాళ్ళలో ఓపిక ఉంటే సైన్యం దిగిన కారెగ్‌వస్తాద్ దాకా తీరం వెంబడి నడకదారి ఉంది. వందేళ్ళు నిండినప్పుడు, 1897లో నిలబెట్టిన రాయి అక్కడ కనిపిస్తుంది. గాలి బాగా కొడుతుంది, జాకెట్ మర్చిపోకండి.