ఒకే చర్చి కప్పు కింద రెండు సంఘాలు: ఇంగ్లండు 1969లో చేసిన చట్టం

నమస్కారం. ఒకే చర్చి భవనాన్ని వేర్వేరు క్రైస్తవ శాఖలు పంచుకోవడానికి చట్టం ఎందుకు కావలసి వచ్చింది, అది ఎలాంటి చట్టమైతే ఆ ఏర్పాటు నిలుస్తుంది అన్న విషయాన్ని ఈ రోజు కాస్త నిదానంగా చూద్దాం. ఇందుకు నేను ప్రధానంగా తీసుకుంటున్నది ఇంగ్లండు, వేల్సుల కోసం బ్రిటన్ పార్లమెంటు 1969లో చేసిన చట్టాన్ని.

ఆ ఏడాది జూలై 8న ఇంగ్లండులోని ఆంగ్లికన్ సంఘం, మెథడిస్టు సంఘం తాము ఒక్కటి కావాలా వద్దా అన్నదానిపై ఒకే రోజు ఓటు వేశాయి. కనీసం 75 శాతం మద్దతు రావాలన్నది ముందే పెట్టుకున్న నియమం. మెథడిస్టులు ఆ హద్దు దాటారు, ఆంగ్లికన్ల మద్దతు మాత్రం సుమారు 69 శాతం దగ్గరే ఆగిపోయింది. ఏళ్ల తరబడి సాగిన చర్చలు అలా వీగిపోయిన కొద్ది రోజులకే, అదే నెల 25న, చర్చి భవనాలను పంచుకునేందుకు వీలిచ్చే చట్టానికి రాణి ఆమోదం లభించింది. ఆ బిల్లు అప్పటికే పార్లమెంటులో ఉంది కాబట్టి ఓటమికి జవాబుగా పుట్టిందని అనలేము. అయినా ఈ రెండు ఘటనలనూ కలిపి చూస్తే చట్టం స్వభావం బోధపడుతుంది. విశ్వాసంలో, పరిచర్య పద్ధతుల్లో ఏకాభిప్రాయం కుదరని సంఘాలు కూడా ఒక భవనాన్నీ, దాని ఖర్చునూ పంచుకోవచ్చని అది ఒప్పుకుంటుంది.

ఇరుగుపొరుగు సంఘాల పెద్దలు మాట్లాడుకుంటే సరిపోయేదానికి పార్లమెంటు దాకా వెళ్లడం ఎందుకని మీకు అనిపించవచ్చు. సరిపోదు. బాప్టిస్టుల మందిరమైనా, మెథడిస్టుల మందిరమైనా ట్రస్టు పత్రాల కింద ఉంటుంది, ఆ మందిరం ఏ సంఘం ఆరాధనకు ఉద్దేశించినదో ఆ పత్రంలోనే రాసి ఉంటుంది. పత్రానికి విరుద్ధంగా మరో శాఖకు తలుపులు తెరిస్తే ధర్మకర్తలు నమ్మకద్రోహం చేసినవారవుతారు, కోర్టులో జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఆంగ్లికన్ సంఘం పరిస్థితి ఇంకా చిక్కైనది. అది రాజ్యం గుర్తించిన అధికారిక సంఘం కావడంతో దాని నియమాలు దేశ చట్టంలో భాగం, ప్రతిష్ఠ జరిగిన దాని చర్చిలోని వస్తువుల్లో మార్పు చేయాలన్నా సాధారణంగా డయాసిస్ (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) స్థాయి చర్చి న్యాయస్థానం అనుమతి కావాలి. అదే సమయంలో యుద్ధానంతరం ప్రభుత్వం కొత్త పట్టణాలు కడుతూ పోతోంది. అక్కడికి తరలివచ్చిన ప్రతి చిన్న సంఘమూ సొంతంగా స్థలం కొని, సొంతంగా మందిరం కట్టుకోవడం కష్టమైపోయింది.

ఈ చట్టం చేసిన పని చూడటానికి చిన్నదే. దాని పరిధిలోకి వచ్చే ఏ రెండు లేదా అంతకు మించిన సంఘాలైనా తమలో తాము ఒప్పందం రాసుకుని, ఉన్న చర్చినైనా కొత్తగా కట్టబోయే చర్చినైనా పంచుకోవచ్చు, వారి పాత ట్రస్టు పత్రాలు దానికి అడ్డురావు. ఆంగ్లికన్ల పక్షాన స్థానిక వికారు (ఆ చర్చి గురువు), పారిష్ మండలి (ఆ చర్చి ప్రాంతపు విశ్వాసుల మండలి), డయాసిస్ ఆర్థిక మండలి ఒప్పందంలో భాగస్వాములు కావాలి, బిషప్పు సమ్మతి కూడా ఉండాలి. రోమన్ కతోలికుల పక్షాన ఆ మేత్రాసన బిషప్పు ఉంటారు. భవనం ఒకే సంఘం సొత్తుగా ఉండవచ్చు, లేదా అందరి తరఫునా ధర్మకర్తల చేతిలో ఉమ్మడి ఆస్తిగా ఉండవచ్చు. ఆరాధనలు విడివిడిగా జరుపుకోవచ్చు, తమ తమ నియమాలు అనుమతించిన మేరకు కలిసి జరుపుకోవచ్చు.

వీటన్నిటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఒక చిన్న మినహాయింపు. ప్రతిష్ఠ జరిగిన పాత ఆంగ్లికన్ చర్చిని పంచుకున్నప్పుడు అది ఆంగ్లికన్ల సొత్తుగానే ఉంటుంది, చర్చి న్యాయస్థానం అధికారమూ దాని మీద కొనసాగుతుంది. కానీ పంచుకుంటున్న రెండో సంఘం తన ఆరాధనకు తెచ్చుకున్న కదిలించగల వస్తువుల మీద ఆ అధికారం చెల్లదు. అంటే, ఆ చర్చిలో ఆరాధించే మెథడిస్టులు తమ ప్రభు బల్ల ఎక్కడ వేసుకోవాలో, కతోలికులు దివ్యబలిపూజకు ఏ పాత్రలు వాడాలో ఆంగ్లికన్ న్యాయమూర్తిని అడగనక్కరలేదు. మరొకరి ఇంట్లో ఆరాధించే సంఘానికి ఎంత గౌరవం ఇవ్వాలో ఈ మినహాయింపు రాసినవారికి బాగా తెలుసు.

ఇలాంటి జాగ్రత్త లేని పంపకాలు యూరప్ అంతకుముందే చూసింది. ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ కాలంలో అల్సాస్ ప్రాంతంలోని ప్రొటెస్టెంట్ గ్రామంలో ఏడు కతోలిక కుటుంబాలుంటే చాలు, అక్కడి చర్చిలో బలిపీఠం ఉండే భాగాన్ని కతోలికులకు అప్పగించాలన్న ఉత్తర్వు అమలైంది, ప్రొటెస్టెంట్లకు జనం కూర్చునే భాగం మిగిలింది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగింది ఇంకా బాధాకరం. కతోలికుడైన పాలకుడు 1698లో తన రాజ్యంలోని ప్రొటెస్టెంట్ చర్చిలను కతోలికులకూ తెరిపించాడు. గొడవలు ముదిరి 1706లో ఆ ఊరి పరిశుద్ధాత్మ చర్చి మధ్యలో అడ్డుగోడ కట్టారు. ఒక పక్క ప్రొటెస్టెంట్లు, మరో పక్క కతోలికులు. 1719లో తర్వాతి పాలకుడు మొత్తం చర్చిని తీసుకోవాలని చూశాడు. ప్రొటెస్టెంట్లు లొంగలేదు, వారికి మద్దతుగా ఇతర ప్రొటెస్టెంట్ రాజ్యాలూ ఒత్తిడి తెచ్చాయి. చివరికి ఆయన వెనక్కి తగ్గి, మరుసటి ఏడాది తన రాజధానినే మాన్‌హైమ్‌కు మార్చుకున్నాడు. ఆ చర్చిలోని అడ్డుగోడ శాశ్వతంగా తొలగిపోయింది 1936లో!

అక్కడి పాలకులు పంచుకోండని ఆజ్ఞాపించారు. ఇంగ్లండు చట్టం మాత్రం పంచుకోదలిస్తే పంచుకోవచ్చని అనుమతి ఇచ్చి, అంతటితో పక్కకు జరిగింది. నా దృష్టిలో ఈ ఏర్పాటుకు ప్రాణం అదే. ఏ సంఘమూ తన మందిరం తలుపు తెరవాలని అది శాసించదు. అంతేకాదు, పంపకం ముగించాలనుకుంటే ఎలా ముగించాలో కూడా ఒప్పందంలోనే రాసుకోవాలని చెబుతుంది. విడిపోయే దారి ముందే రాసుకోవడం అపనమ్మకానికి గుర్తని కొందరు పెద్దలు భావిస్తారు, కానీ నేను దానితో ఏకీభవించను. బయటకు రాలేనేమోనన్న భయం లేనప్పుడే చిన్న సంఘం ధైర్యంగా లోపల అడుగు పెడుతుంది.

ఈ చట్టం ఏం సాధించగలదో, ఏం సాధించలేదో మిల్టన్ కీన్స్ పట్టణంలో కనిపిస్తుంది. 1967లో కొత్త పట్టణంగా ప్రకటించిన ఆ ఊరి నడిబొడ్డున, ఐదు శాఖల కోసం ఒక్క చర్చి కట్టారు. ఆంగ్లికన్లు, బాప్టిస్టులు, మెథడిస్టులు, రోమన్ కతోలికులు, యునైటెడ్ రిఫార్మ్‌డ్ సంఘంవారు పంచుకునే ఆ గుమ్మటం చర్చి ప్రారంభానికి 1992లో రెండవ ఎలిజబెత్ రాణి వచ్చారు. అంతటి ఉమ్మడి మందిరంలో సైతం కతోలికుల దివ్యబలిపూజ వేరు, మిగతావారి ఆరాధన వేరు, ఎందుకంటే సత్ప్రసాదం, అంటే పూజలో స్వీకరించే రొట్టె, ద్రాక్షారసం విషయంలో కతోలిక సంఘ నియమాలు పార్లమెంటు మార్చగలిగేవి కావు. దీన్ని చట్టం వైఫల్యమని కొందరంటారు. విశ్వాసుల మనస్సాక్షి జోలికి వెళ్లకపోవడం ఆ చట్టం పాటించిన మర్యాద అని నేను నమ్ముతున్నాను.

మన తెలుగు నేలకు ఈ కథతో నిజమైన సంబంధం ఉంది. ఇంగ్లండులో 1969లో కుదరని ఐక్యత ఇక్కడ 1947 సెప్టెంబరు 27నే కుదిరింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒక్కటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే మనం సీఎస్‌ఐ అని పిలిచే సంఘంగా ఏర్పడ్డాయి. వెస్లియన్ మెథడిస్టులు కట్టిన మెదక్ చర్చి, ఆంగ్లికన్ బిషప్పు అజరయ్య గారు కట్టించిన దోర్నకల్ కెథీడ్రల్ ఒకే సంఘానివయ్యాయి, కాబట్టి వాటి మధ్య పంపకం ఒప్పందం అవసరమే రాలేదు. అయితే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది అప్పుడు చేరలేదు, వారు సీఎస్‌ఐలోకి వచ్చింది 1970లలో.

ఇప్పుడు మన పట్టణాల కొత్త కాలనీల్లో స్థలం ధర చూసి, రెండు సంఘాలు ఒక మందిరాన్ని వంతులవారీగా వాడుకుందామని అనుకుంటే, పాస్టర్లిద్దరి స్నేహం ఒక్కటే సరిపోదు. ఉదాహరణకు సీఎస్‌ఐ ఆస్తులు సీఎస్‌ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరిట ఉంటాయి కనుక, స్థానిక పాస్టరేట్ కమిటీ ఎంత మంచి మనసుతో మాట ఇచ్చినా ఆ మాటకు హక్కుదారు సంతకం కావాలి. మరమ్మతు ఎవరు చేయించాలి, పండుగ రోజున మందిరం ముందుగా ఎవరికి ఇవ్వాలి, రెండో సంఘం కొన్న బల్లలూ వాయిద్యాలూ ఎవరివి, విడిపోవలసి వస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవి కూడా ఆ సంతకంతో పాటే, మొదటి ఆరాధన జరగకముందే, ఒకే కాగితం మీదకు రావాలి.